స్లర్రీలో దాగిన నీళ్లు



ఈ రోజు నేను మాట్లాడబోయేది ఒక ఫ్యాక్టరీ పని గురించి. వడపోత గురించి. బురద నీళ్లను గుడ్డ మీదికి తోసి, వెనకనుంచి ఒత్తిడి పెట్టి, నీళ్లను ఒకవైపు, మట్టిని ఒకవైపు వేరు చేసే పని అది. ఇంత మాత్రానికి ఒక ప్రసంగం ఎందుకని అనుకోవద్దు. మన కర్నూలు, కడప ప్రాంతంలో చాలా పరిశ్రమల్లో ఏదో ఒక మూల ఈ పని జరుగుతూనే ఉంటుంది. నూనె మిల్లులో ఉంది, చక్కెర ఫ్యాక్టరీలో ఉంది, ఆల్కలీ ఫ్యాక్టరీలో ఉంది, యురేనియం మిల్లులో ఉంది. ఉండవలసినంతగా లేనిది మన బండల ఫ్యాక్టరీల్లో. అక్కడినుంచే మొదలుపెడతాను.

బేతంచెర్ల బండలు, కడప బండలు అంటే దేశమంతా తెలుసు. పదుల కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉన్న కాలంలో అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి అది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. అప్పటినుంచీ మన నార్జి పేరు, వేంపల్లె పేరు భూగర్భ శాస్త్రంలో రాతి పొరల పేర్లుగా నిలిచిపోయాయి. గనిలో పొరలుగా లేచే ఆ రాయిని బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, తాడిపత్రి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కోసి, అంచులు సరిచేసి, పాలిష్ పడతారు.

బండను కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు ఆగకుండా పడాలి. పడకపోతే బ్లేడు వేడెక్కి పాడవుతుంది, దుమ్ము లేచి పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలిష్ మిషను కిందా అంతే. ఆ నీళ్లు రాతిపొడిని కలుపుకుని చిక్కగా, తెల్లగా కాలువలో పారి గుంతలోకి చేరతాయి. అందరూ దాన్ని స్లర్రీ అనే అంటారు. గుంతలో పొడి మెల్లగా అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లను మోటారు పెట్టి మళ్లీ తోడుకుంటారు. గుంత నిండాక బురదను ఎత్తి ట్రాక్టరుతో ఎక్కడో ఒకచోట పోస్తారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ కుప్పలు ఎండి, గాలికి లేచి, పక్క పొలాల్లోని ఆకుల మీద పడతాయి.

ఈ కథలో పొడి కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. నాకు బాధ కలిగించేది నీళ్లు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన 670 మిల్లీమీటర్లు. అది కూడా నాలుగు దినాలు కురిసి నలభై దినాలు మొహం చాటేసే వాన. ఇలాంటి సీమలో బోరు నీళ్లు తోడి, రాతిపొడిలో కలిపి, బురదతో పాటు పారబోస్తున్నాం.

ఎంత పోతోందో చిన్న లెక్క వేద్దాం. వంద కిలోల స్లర్రీలో పది కిలోలు రాతిపొడి, తొంభై కిలోలు నీళ్లు అనుకుందాం. గుంతలో దిగిన బురదలో సగానికి సగం నీళ్లే ఉన్నాయనుకుంటే, పది కిలోల పొడి పది లీటర్ల నీళ్లను పట్టుకుని బయటికి పోయినట్టు. గుంతలో ఎండకు ఆవిరైపోయేది దీనికి అదనం. అదే స్లర్రీని ఫిల్టర్ ప్రెస్సులో వేసి, నూటికి ఇరవై పాళ్ల తేమ ఉండేలా పిండామనుకోండి. అప్పుడు పది కిలోల పొడితో పోయేది రెండున్నర లీటర్లే. ఒకచోట ఉన్న నాలుగైదు ఫ్యాక్టరీలకు కలిపి రోజుకు పది టన్నుల పొడి వస్తుందనుకుంటే, తేడా ఏడున్నర వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లున్న చోట అది చిన్న లెక్క కాదు.

మరి ఫిల్టర్ ప్రెస్సు అంటే ఏమిటి? పుస్తకాల బీరువాలో పుస్తకాలు నిలబెట్టినట్టు, ఒక ఇనుప చట్రంలో వరసగా ప్లాస్టిక్ ప్లేట్లు నిలబడి ఉంటాయి. ప్రతి ప్లేటుకూ రెండువైపులా గుడ్డ. ప్లేటుకూ ప్లేటుకూ నడుమ రెండు మూడు అంగుళాలలోపు ఖాళీ. ఒక చివరనుంచి హైడ్రాలిక్ జాకీ ప్లేట్లన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. పంపు ఆ ఖాళీల్లోకి స్లర్రీని తోస్తుంది. నీళ్లు గుడ్డ దాటి ప్లేటు కింది కొళాయిల్లోంచి బయటికొస్తాయి, పొడి గుడ్డ మీద పేరుకుంటుంది. మొదటి నిమిషంలో వచ్చే నీళ్లు కాస్త మబ్బుగా ఉంటాయి. గుడ్డ మీద పొడి పొర ఒకటి కుదురుకోగానే తేటపడతాయి. అక్కడినుంచి గుడ్డ పని దాదాపు అయిపోయినట్టే. వడపోసేది ఆ పొడి పొరే. ఫ్యాక్టరీల్లో దాన్ని కేక్ అంటారు. కేక్ మందం పెరిగేకొద్దీ కొళాయిల ధార సన్నబడుతుంది, చివరికి బొట్లు బొట్లుగా మారుతుంది. అప్పుడు పంపు ఆపి, జాకీ వదిలి, ప్లేట్లు ఒక్కొక్కటే జరుపుతారు. కేక్ పలకలుగా విరిగి దబ్బున కింద పడుతుంది. అంటుకున్నదాన్ని చెక్కతో గీకి, గుడ్డలు కడిగి, మళ్లీ బిగిస్తారు.

ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది. ఎన్ని ప్లేట్లు కావాలి? నడుమ ఖాళీ ఎంత మందం ఉండాలి? పంపు ఎంత ఒత్తిడి ఇవ్వాలి? ఎంతసేపటికి ప్రెస్సు తెరవాలి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియకుండా లక్షలు పోసి ప్రెస్సు కొంటే, అది చాలకపోవచ్చు, లేదా సగం ఖాళీగా పడి ఉండొచ్చు. అమ్మేవాళ్లు అనుభవంతో ఒక అంకె చెబుతారు. ఆ అనుభవం వేరే రాష్ట్రపు మార్బుల్‌తో వచ్చింది కావచ్చు, గ్రానైట్‌తో వచ్చింది కావచ్చు. మన రాతిపొడి మాట మన రాతిపొడే చెప్పాలి.

ఒక ఉదాహరణ చెబుతాను, కాగితం పెన్సిలు దగ్గరుంటే మీరూ వేసి చూడండి. కేక్ మందం రెట్టింపు కావాలంటే పట్టే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఎందుకంటే నీళ్లు దాటవలసిన పొర రెండింతలు మందమైంది, దాటవలసిన నీళ్లూ రెండింతలయ్యాయి. 25 మిల్లీమీటర్ల మందం కేక్ నిండడానికి పది నిమిషాలు పట్టిందనుకుందాం. ప్రెస్సు తెరిచి, కేక్ రాల్చి, కడిగి, మళ్లీ మూయడానికి ఇరవై నిమిషాలు. మొత్తం ముప్పై నిమిషాలకు 25 మిల్లీమీటర్లు, అంటే గంటకు 50. ఇప్పుడు ఖాళీని 50 మిల్లీమీటర్లు చేశాం. నిండడానికి నలభై నిమిషాలు, తెరిచి మూయడానికి ఇరవై. గంటకు మళ్లీ 50 మిల్లీమీటర్లే. రెట్టింపు మందం పెట్టినా దమ్మిడీ లాభం రాలేదు. నడుమన 35 మిల్లీమీటర్లు పెడితే? నిండడానికి దాదాపు ఇరవై నిమిషాలు, తెరవడానికి ఇరవై. గంటకు 53 దాకా వస్తుంది. గుడ్డ పెద్దగా అడ్డుపడనప్పుడు, నిండే సమయమూ తెరిచి మూసే సమయమూ సమానంగా ఉన్నచోటే ఎక్కువ పని జరుగుతుందని గణితం చెబుతుంది. ఈ సంగతి తెలియక, కేక్ మందంగా వస్తే పని బాగా అయిందని సంతోషించే ఆపరేటర్లు ఎందరో ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఈ గణితం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో డిజోన్ అనే ఊరికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ఇసుక గొట్టాల్లోంచి నీళ్లు పంపి కొలిచి, ఒత్తిడి పెరిగితే ప్రవాహం ఎంత పెరుగుతుందో, పొర మందం పెరిగితే ఎంత తగ్గుతుందో చెప్పాడు. మన బోర్లలోకి నీళ్లు ఎలా ఊరతాయో లెక్కగట్టేవాళ్లు ఈనాటికీ ఆ సూత్రమే వాడతారు. 1930లలో అమెరికాలో రూత్ అనే శాస్త్రవేత్త దాన్ని పెరిగే కేక్‌కు వర్తింపజేశాడు. ఆయన చూపిన పద్ధతి ఎంతో సులువు. స్థిరమైన ఒత్తిడి దగ్గర వడపోస్తూ, ఎంతసేపటికి ఎన్ని లీటర్లు వచ్చాయో రాసుకోవాలి. సమయాన్ని లీటర్లతో భాగించి, ఆ వచ్చిన అంకెను లీటర్లకు ఎదురుగా గ్రాఫు కాగితం మీద పెడితే సరళరేఖ వస్తుంది. గీత ఎంత ఏటవాలుగా ఉందో దాన్నిబట్టి కేక్ ఎంత అడ్డుపడుతుందో తెలుస్తుంది. గీత ఎక్కడ మొదలైందో దాన్నిబట్టి గుడ్డ ఎంత అడ్డుపడుతుందో తెలుస్తుంది. ఒక్క గీతలో రెండు సంగతులు. ఇంజనీరింగు కాలేజీల్లో కెమికల్ విద్యార్థులు ఈ ప్రయోగం ఇప్పటికీ చేస్తారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అన్ని పొడులూ ఒక్కలా నడుచుకోవు. ఇంట్లోనే చూడొచ్చు. తడి ఇసుకను ఒక గుడ్డలో మూటగట్టి పిండండి. గట్టిగా పిండేకొద్దీ నీళ్లు ఎక్కువగా వస్తాయి. నీళ్ల తొట్టి అడుగున చేరే మెత్తని ఒండ్రును అలాగే మూటగట్టి పిండండి. మొదట కాసిన్ని నీళ్లు వచ్చి, ఆ తర్వాత ఎంత బలం పెట్టినా రావు. గుడ్డకు ఆనుకున్న పొర బిగుసుకుపోయి దారి మూసేసింది. లోపలి ముద్ద మాత్రం ఇంకా జారుగానే ఉంది. ఒత్తిడికి అణిగే కేక్ అంటే ఇదే. నీళ్లు కేక్‌లోంచి పోతూ ప్రతి రేణువునూ గుడ్డవైపు నెడతాయి. ఆ నెట్టుడు ఒకదాని మీద ఒకటి చేరి గుడ్డ దగ్గర గరిష్ఠమవుతుంది. అందుకే గుడ్డ దగ్గర గట్టిగా, అవతలి అంచున మెత్తగా ఉంటుంది. ఇలాంటి స్లర్రీకి మొదటే పంపు పూర్తిగా వదిలితే గుడ్డ రంధ్రాలు మూసుకుపోతాయి. మెల్లగా మొదలుపెట్టి, పొర కుదిరాక ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి. అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ టిల్లర్ దశాబ్దాల పాటు ఈ అణిగే కేకుల మీదే పనిచేశాడు.

ఈ తేడా చూడడానికి ఎక్కడికో పోనక్కరలేదు. కర్నూలు పక్కన గొందిపర్ల దగ్గర తుంగభద్ర ఒడ్డున రాయలసీమ ఆల్కలీస్ పేరుతో మొదలైన కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది. కాస్టిక్ సోడా తయారీకి ముడిసరుకు ఉప్పునీళ్లు. ఏ ఉప్పులోనైనా కాల్షియం, మెగ్నీషియం కలిసి ఉంటాయి. అవి ఉంటే కరెంటు పెట్టి విడదీసే సెల్లు పాడవుతుంది. అందుకని ఈ పరిశ్రమలో ఎక్కడైనా ముందు సోడా యాష్, కాస్టిక్ వేసి వాటిని మడ్డిగా దించి, వడపోసి తీసేస్తారు. కాల్షియం దిగేది సున్నపురాయి రూపంలో, చక్కని రేణువులుగా. దాన్ని వడపోయడం తేలిక. మెగ్నీషియం దిగేది జిగురు ముద్దలా, గుడ్డకు అంటుకుని కదలదు. ఒకే తొట్టిలో, ఒకే గుడ్డ మీద ఈ రెండూ కలిసి ఉంటాయి. కాల్షియం పాలు బాగా ఎక్కువగా ఉంటే మడ్డి సుఖంగా దిగుతుంది. మెగ్నీషియం పాలు పెరిగితే ఆపరేటర్‌కు ఆ రోజు కష్టకాలమే. ఉప్పు లోడు మారితే వడపోత మారిపోతుంది.

అందుకే ప్రయోగం కావాలి. ఆ ప్రయోగాన్ని స్టాప్‌వాచీ, కొలజాడీ పట్టుకుని మనిషి చేస్తే కొన్ని లోపాలు తప్పవు. మొదటి పది సెకన్లలో నీళ్లు ధారగా వస్తాయి, చేయి, కన్ను అందుకోలేవు. గుడ్డ సంగతి తెలిసేది సరిగ్గా ఆ పది సెకన్లలోనే. కంప్రెసర్ గాలి ఒత్తిడి ఒకచోట నిలవదు, అటూ ఇటూ ఊగుతుంది. జిగురు స్లర్రీ అయితే ఒక్కో పరీక్షకు ఒక పూట, కొన్నిటికి రాత్రంతా పడుతుంది. అంతసేపు మనిషి కూర్చుని అంకెలు రాయాలి. ఒకే స్లర్రీని ఐదారు ఒత్తిళ్ల దగ్గర పరీక్షించాలంటే వారం గడిచిపోతుంది. ఈలోగా స్లర్రీ నిలవ ఉండి దాని గుణమే మారిపోతుంది.

ఈ పనిని కంప్యూటరుకు అప్పజెప్పిన చోట్లు ఉన్నాయి. ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో టార్ల్‌టన్, వేక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, వాళ్ల శిష్యులు కలిసి ఇరవై ఏళ్లకు పైగా కిందటే అలాంటి పరికరం తయారుచేసి వాడారు. స్టీలుతో చేసిన చిన్న వడపోత గిన్నె. దాని వెనక స్లర్రీ పేరుకోకుండా కలుపుతూ ఉండే తొట్టి. గాలి ఒత్తిడిని క్షణక్షణమూ సరిచేస్తూ ఉండే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు. వచ్చే నీళ్లు పడేది తూకపు యంత్రం మీది పాత్రలో. ఒత్తిడి మీటరు, తూకపు యంత్రం రెండూ కంప్యూటరుకు కలిపి ఉంటాయి. కంప్యూటరు చదవడంతో ఊరుకోదు, ఆజ్ఞ ఇస్తుంది. ఒత్తిడిని ఒకచోట నిలపమంటే నిలుపుతుంది. ప్రవాహాన్ని ఒకచోట నిలపమంటే ఒత్తిడిని పెంచుకుంటూ పోతుంది. ఫ్యాక్టరీలో ఉన్న సెంట్రిఫ్యూగల్ పంపు ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించమన్నా సరే, చేస్తుంది. నా దృష్టిలో అసలైన మేలు ఇదే. ప్రయోగశాలలో ఒక రకంగా, ఫ్యాక్టరీలో ఇంకో రకంగా ఒత్తిడి పెడితే ఆ అంకెలు ఇక్కడా అక్కడా పనికిరావు. ఆ పరిశోధకులు పరీక్షలకు ఎంచుకున్న పొడుల్లో కాల్సైట్ ఒకటి. కాల్సైట్ అంటే సున్నపురాయిలోని ఖనిజమే. మన బేతంచెర్ల బండలో ఎక్కువ భాగం అదే.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారిలో వెళ్లారు. స్కేల్స్, లాండ్‌మన్, అషర్, వారి సహచరులు 2001లో ప్రచురించిన పద్ధతి అది. సిలిండరులో స్లర్రీ పోసి, పైనుంచి పిస్టన్‌తో నొక్కుతారు. పిస్టన్ ఎంత కిందికి దిగిందో ఒక కొలబద్ద అతి సూక్ష్మంగా కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. మొదట తక్కువ ఒత్తిడి. వడపోత తీరు స్థిరపడిందని కంప్యూటరు లెక్కగట్టి తెలుసుకోగానే, ప్రయోగం ఆపకుండానే తర్వాతి ఒత్తిడికి ఎక్కిస్తుంది. అలా మెట్టు మెట్టుగా. ప్రతి మెట్టు దగ్గరా కేక్ నీళ్లను ఎంత తేలిగ్గా పోనిస్తుందో తేలుతుంది. ఇంకో పరీక్షలో ప్రతి మెట్టు దగ్గరా నీళ్లు పూర్తిగా ఆగిపోయేదాకా ఉంచి, ఆ ఒత్తిడికి కేక్ ఎంత గట్టిపడగలదో కొలుస్తారు. ఈ రెండు గుణాలూ చేతికొస్తే, ఆ స్లర్రీకి ఎంత ప్రెస్సు కావాలో, ఎంతసేపు నొక్కాలో, చివరికి ఎంత తేమ మిగులుతుందో కాగితం మీదే చెప్పగల మోడల్ తయారవుతుంది. చాలా దినాల పని గంటల్లోకి వచ్చింది.

ఇప్పుడు మన ప్రాంతంలోని ఒక పెద్ద వడపోత దగ్గరికి వద్దాం. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె. అక్కడి వేంపల్లె రాతిలో యురేనియం ఉంది. కానీ చాలా పల్చగా ఉంది. టన్ను రాయికి అర కిలో కూడా రాదు. రాయి డోలమైటు జాతిది కాబట్టి, మామూలుగా వాడే ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. అందుకని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు సోడా ద్రావణంతో, వేడి చేసి, ఒత్తిడి కింద యురేనియాన్ని కరిగించే పద్ధతి రూపొందించారు. వాళ్ల ఖనిజ ప్రయోగశాల మన హైదరాబాదులోనే ఉంది. యురేనియం కార్పొరేషన్ 2012లో ఆ మిల్లును ప్రారంభించింది. రోజుకు మూడు వేల టన్నుల రాయి ఆడించే మిల్లు అది.

యురేనియం రేణువులు రాతిలో అతి సన్నగా చెదిరి ఉన్నందువల్ల రాయిని మెత్తగా నూరాలి. ఎంత మెత్తగా నూరితే యురేనియం అంత బాగా కరుగుతుంది, వడపోత అంత కష్టమవుతుంది. ఈ రెంటి నడుమా ఎక్కడ ఆగాలన్నది ప్రయోగాలు తేల్చవలసిన విషయం. కరిగిన తర్వాత రాతిపొడినీ ద్రావణాన్నీ వేరు చేయడానికి అక్కడ పొడవాటి బెల్టు ఫిల్టర్లు ఉన్నాయి. బెల్టు మీద గుడ్డ, గుడ్డ కిందనుంచి గాలి పీల్చి ద్రావణాన్ని లాగుతారు. ఆగకుండా నడుస్తుంది, కేక్‌ను కడగడం సులువు, అది దాని గొప్పతనం. దాని హద్దు ఏమిటంటే, పీల్చడం ద్వారా వచ్చే బలం ఒక వాతావరణ పీడనాన్ని మించదు. పైనుంచి తోసే ప్రెస్సులైతే ఆరు, ఏడు రెట్లు, కొన్ని పదిహేను రెట్ల దాకా బలం పెడతాయి. ఫిన్లండులో లాప్పేన్‌రాంటా ఊళ్లో పుట్టిన లారోక్స్ ప్రెస్సులు ఆ జాతివి. ప్రపంచమంతటా గనుల్లో వాడుతున్నారు.

మిల్లులోంచి బయటికొచ్చే మిగతా రాతిపొడి అంతా, అంటే దాదాపు తవ్విన రాయి అంతా, నీళ్లతో కలిసి టెయిలింగ్ పాండుకు చేరుతుంది. ఆ పాండు చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ బోరు నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఆందోళన చేశారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కు నోటీసులిచ్చింది. తమ వల్ల నీళ్లు కలుషితం కాలేదని సంస్థ అంటోంది. ఆ వివాదాన్ని నేను ఇక్కడ తీర్చలేను. ఒక్కటి మాత్రం నిశ్చయంగా చెప్పగలను. పాండులోకి వెళ్లే బురదలో నీళ్లు ఎంత తక్కువైతే, భూమిలోకి ఇంకడానికి అంత తక్కువ మిగులుతుంది. 2019 జనవరిలో బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో దగ్గర ఇనుప గని టెయిలింగ్ కట్ట తెగి 270 మంది చనిపోయారు. నీళ్లు నిండిన బురద ఒక్కసారిగా ద్రవంలా పారింది. ఆ తర్వాత గని పరిశ్రమ అంతా వడపోసి ఆరబెట్టిన టెయిలింగ్ కుప్పల వైపు ఇంకాస్త గట్టిగా చూడడం మొదలుపెట్టింది. అలాంటి కుప్పలు వేయాలంటే రోజుకు వేల టన్నులు వడపోయాలి. అంత పని అంచనా మీద నడవదు, కొలిచిన అంకెల మీదే నడవాలి.

మోడల్ ఉంటే చాలు, అంతా తేలిపోతుందని నేను అనను. చిన్న గిన్నెలో కొలిచిన అంకె పెద్ద ప్రెస్సులో తప్పడానికి చాలా దారులున్నాయి. పాలిష్ స్లర్రీలో రాతిపొడితో పాటు పాలిష్ రాళ్ల అరుగుడు కూడా ఉంటుంది. పొద్దున కోసిన బండల స్లర్రీ, సాయంత్రం పాలిష్ పట్టిన స్లర్రీ ఒకటి కావు. ఒక బకెట్టు తెచ్చి పరీక్షిస్తే ఆ బకెట్టు సంగతే తెలుస్తుంది. పొడిని ముద్దగట్టించడానికి మందు వేస్తారు. ప్రయోగశాలలో ఆ ముద్దలు నిలుస్తాయి, ఫ్యాక్టరీలో పంపు రెక్కలు వాటిని చితక్కొడతాయి. గిన్నె అడుగున గుడ్డ పడుకుని ఉంటుంది కాబట్టి బరువైన రేణువులు ముందుగా దిగుతాయి. ప్రెస్సులో గుడ్డ నిలువుగా ఉంటుంది కాబట్టి అవి కింది మూలకు జారతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త గుడ్డ వేరు, ఆరు నెలలు వాడిన గుడ్డ వేరు. అందుకే ప్రయోగానికి ఫ్యాక్టరీలో వాడుతున్న పాత గుడ్డ ముక్కనే కత్తిరించి తెచ్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఇవన్నీ తెలిసి చేస్తే మోడల్ మేలు చేస్తుంది. తెలియకుండా చేస్తే అందమైన గ్రాఫు మిగులుతుంది.

ఇదంతా పెద్ద దేశాల పని, మనకెక్కడ కుదురుతుందని కొందరు అనొచ్చు. కుదురుతుంది. పరికరంలో ఏముంది? ఒత్తిడి తట్టుకునే చిన్న స్టీలు సిలిండరు, దాన్ని మన లేతు షాపులోనే చేయిస్తారు. ఒత్తిడి కొలిచే సెన్సారు, కంప్యూటరుకు కలిపే వీలున్న తూకపు యంత్రం, గాలిని అదుపు చేసే వాల్వు, ఇంజనీరింగు విద్యార్థులు ప్రాజెక్టులకు వాడే ఆర్డుయినో లాంటి చిన్న బోర్డు. ప్రోగ్రాము రాయగల పిల్లలు ప్రతి కాలేజీలో ఉన్నారు. అనంతపురం జేఎన్‌టీయూలో కెమికల్ ఇంజనీరింగు ఉంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో కెమికల్ ఇంజనీరింగు ఉంది. ఆ ఇడుపులపాయ వేంపల్లె పక్కనే ఉంది, అంటే ఈ రాళ్ల మధ్యలోనే ఉంది. ఒత్తిడి పెట్టిన గాలితో పని కాబట్టి సేఫ్టీ వాల్వు లేకుండా మాత్రం మొదలుపెట్టకూడదు. మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

కాలేజీల అధ్యాపకులకు నా విన్నపం. చివరి సంవత్సరం విద్యార్థులకు ఏటా ఏదో ఒక ప్రాజెక్టు ఇస్తారు కదా. ఈ ఏడు కొందరికి బేతంచెర్ల స్లర్రీని ఇవ్వండి. ఒక్కో ఫ్యాక్టరీనుంచి, ఒక్కో పూట, వేర్వేరుగా నమూనాలు తెప్పించండి. మెట్టు మెట్టుగా ఒత్తిడి పెంచి కొలవండి. ఏ ఒత్తిడి దాటాక ఇక లాభం లేదో, ఎంత మందం కేక్ మంచిదో, ఎంత తేమ మిగులుతుందో పట్టిక వేయండి. దాన్ని తెలుగులో రాసి ఫ్యాక్టరీల గోడలకు అంటించండి. ఫ్యాక్టరీ యజమానులకూ ఒక మాట. ఆ పిల్లలు గేటు దగ్గరికి వస్తే లోపలికి రానివ్వండి, ఒక డబ్బా స్లర్రీ, ఒక జానెడు పాత గుడ్డ ఇవ్వండి. ప్రెస్సు కొనేముందు వాళ్ల అంకెలు అడగండి. నలుగురు కలిసి ఒక ప్రెస్సు పెట్టుకునే ఆలోచన ఉంటే, ఎంత పెద్దది కావాలో ఆ అంకెలే చెబుతాయి. నీళ్లు తిరిగి మీ తొట్టికే వస్తాయి, కేక్ లారీలో పోసుకోవడానికి వీలుగా ఉంటుంది. ఈ వేసవి వచ్చేలోపే మొదలుపెట్టండి.